కరిగిపోయిన సరుకు జాడ

భద్రాచలం అడవుల్లో మనిషి బతకడానికి కావలసినవి దాదాపు అన్నీ దొరుకుతాయి. ఇప్పపువ్వు, తునికిపండు, చింతపండు, తేనె, దుంపలు, వెదురు కొమ్ములు. పోడు కొడితే జొన్న, సామ పండుతాయి. జీలుగు చెట్టు కల్లు ఇస్తుంది. గింజలు నిండుకున్న రోజుల్లో కొండరెడ్లు అదే చెట్టు మాను లోపలి బెండును దంచి, పిండి తీసి, అంబలి కాచుకున్నారు. ఇంత ఇచ్చే అడవి ఉప్పు మాత్రం ఇవ్వదు. 1940ల్లో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ ప్రచురించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కాలానికి కూడా, అడవిలోని కుటుంబం బయటివాళ్ల దగ్గర కొనక తప్పని సరుకుల్లో ఉప్పు ఉంది. సముద్రం ఇక్కడికి చాలా దూరం. భద్రాచలం నుంచి కాకినాడ వైపు గీత గీసి కొలిచినా, మచిలీపట్నం వైపు కొలిచినా 160 కిలోమీటర్లకు పైనే.

కాకతీయుల కాలంలో, రెడ్డి రాజుల కాలంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ అడవి అంచు ఊళ్లకు ఉప్పు ఎక్కడిది? దాన్ని చేసినవాళ్ల ఆనవాళ్లు తీరంలో ఏమైనా మిగిలాయా? గుడి కట్టినవాడి పేరు రాతి మీద నిలిచింది. చెరువు తవ్వించినవాడి పేరూ నిలిచింది. మోకాలి లోతు ఉప్పునీళ్లలో ఏడాదికి ఆరు నెలలు నిలబడి పని చేసినవాళ్లకు శాసనం లేదు. వాళ్ల చరిత్ర కావాలంటే మట్టినే అడగాలి. మట్టి దగ్గర సమాధానం ఉందని నా నమ్మకం. ఇన్నాళ్లూ మనం అడగవలసిన చోట అడగలేదు.

ముందు ఎంత ఉప్పు కావాలో చూద్దాం. మన నరాలు, కండరాలు పనిచేయాలంటే సోడియం ఉండాలి. మాంసం ఎక్కువగా తినేవాళ్లకు అది మాంసంలోనే చాలావరకు అందుతుంది. జొన్న, సామ, వరి తినేవాళ్లకు పైనుంచి ఉప్పు కలవాలి. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వాననీటిలో సోడియం తగ్గుతుంది. సముద్రపు తుంపరలు గాలిలో అంతదూరం రావు. అందుకే లోతట్టు అడవుల్లో దుప్పులు, అడవిదున్నలు చవుడు నేల వెతుక్కుంటూ వెళ్లి నాకుతాయి. మనిషికీ, పశువుకీ, చేప ఎండబెట్టడానికీ అంతా కలిపి తలకు ఏడాదికి 4 కిలోలు అనుకుంటే, 500 మంది ఉన్న ఊరికి 2,000 కిలోలు కావాలి. ఎద్దు మీద 100 కిలోలు వేస్తే 20 ఎద్దుల బరువు. అడవి అంచున అలాంటి ఊళ్లు వంద ఉంటే, ఏటా 2,000 ఎద్దులు ఘాటీలెక్కి రావాలి. ఇది నేను వేసిన ఉరామరిక లెక్కే అయినా, పని ఎంత పెద్దదో తెలియడానికి చాలు. ఇంత సరుకు వందల ఏళ్లపాటు నడిచింది.

తీరంలో దీన్ని ఎలా చేస్తారో బాపట్ల జిల్లా చినగంజాం ఉప్పు కొఠార్లలో నేటికీ చూడవచ్చు. ఒక ఘనమీటరు సముద్రపు నీటిలో సుమారు 27 కిలోల తినే ఉప్పు ఉంటుంది. దాన్ని బయటికి తీసే పని ఎండదే. మనిషి పనంతా నేల సిద్ధం చేయడంలో ఉంది. వానలు పోయాక మడిలోకి నీళ్లు పెట్టి, బంకమట్టిని రోజుల తరబడి కాళ్లతో తొక్కి, నీరు ఇంకనంత గట్టిగా, అద్దంలా నున్నగా చేస్తారు. నేల సరిగ్గా కుదరకపోతే ఉప్పునీరు కిందికి ఇంకిపోతుంది, లేదా ఉప్పులో మట్టి కలుస్తుంది. ఆ తర్వాత నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ చిక్కబరుస్తారు. మోటార్లు రాకముందు ఏతంతో తోడేవారు.

ఇక్కడ రసాయనశాస్త్రం తన వరస తప్పదు. నీరు చిక్కబడేకొద్దీ ముందు సున్నం విడిపోతుంది, తర్వాత జిప్సం. నీరు మొదటి పరిమాణంలో పదోవంతుకు దగ్గరపడ్డాక అసలు ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. ఇంకా ఎండనిస్తే చేదు మెగ్నీషియం లవణాలు వస్తాయి, కాబట్టి ఆ దశ రాకముందే మిగిలిన నీటిని వదిలేస్తారు. ఉప్పుమడిలో నీరు ఒక్కోసారి లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. అంత ఉప్పులోనూ బతకగల సూక్ష్మజీవులు ఇచ్చే రంగది. పొద్దెక్కాక నీటి పైన సన్నని తెల్ల పొలుకులు తేలతాయి. ఒకదాన్ని వేలి మీదికి తీసుకుని చూస్తే, నాలుగు వైపులా మెట్లు దిగి నడుమ గుంటపడ్డ చిన్న కోనేరులా ఉంటుంది. బరువెక్కగానే మునిగిపోతుంది. అడుగున చేరిన గళ్లను చెక్క పలకతో గట్టు మీదికి లాగి కుప్ప పోస్తారు.

ఇప్పుడు, ఈ పని ఆగిపోయి 700 ఏళ్లయిందనుకోండి. ఏం మిగులుతుంది? ఉప్పు మిగలదు. లీటరు నీటిలో సుమారు 360 గ్రాములు కరిగే పదార్థం ఒక్క వానాకాలం కూడా నిలవదు. తాటాకు పాకలు, చెక్క పలకలు, ఏతాలు, గంపలు, అన్నీ కుళ్లిపోయేవే. కుండ లేదు, కొలిమి లేదు, బూడిద లేదు. పురావస్తు తవ్వకాల్లో సాధారణంగా కాలాన్ని పట్టి ఇచ్చే వస్తువు ఒక్కటీ ఈ వృత్తిలో వాడరు.

అయితే రెండు ఆధారాలు మిగిలే అవకాశం ఉంది. ఒకటి ఆ తొక్కిన నేల. ఏటేటా తొక్కిన బంకమట్టి, మధ్యమధ్య వరద తెచ్చిన ఇసుక, మళ్లీ బంకమట్టి: ఇలా పలచని పొరలుగా నేలలో కోతకు కనిపించాలి. వరద వండలి ఇంత గట్టిగా, ఇంత చదునుగా దానంతటది పరుచుకోదు. రెండోది జిప్సం. లీటరు నీటిలో రెండు గ్రాముల పైచిలుకే కరుగుతుంది. అంటే, ఉప్పుకంటే నూటయాభై రెట్లు మొండిది. నీరు చిక్కబడ్డ మడుల అడుగున చేరిన జిప్సం పలుకులు, పైన బంకమట్టి కప్పు ఉంటే, ఉప్పు పోయిన చాలాకాలం వరకూ ఉంటాయి. చవుడు నేలల్లో జిప్సం సహజంగానూ ఏర్పడుతుంది. అందుకని అదొక్కటే సాక్ష్యం కాదు. తొక్కిన నేల, జిప్సం, చుట్టూ గట్ల ఆకారం, మూడూ ఒకచోట కలిస్తే గట్టి ఆధారమే.

ఎండ చాలని దేశాల్లో కథ వేరు. ఇంగ్లండు తూర్పు తీరంలో, లింకన్‌షైర్ బురద నేలల్లో, మధ్యయుగాల ఉప్పు దిబ్బలు నేటికీ కనిపిస్తాయి. 1086లో తయారైన డూమ్స్‌డే గ్రంథం ఆ తీరంలో ఉప్పు చేసే చోట్లను పన్ను కోసం ఊరూరా లెక్క రాసింది. అక్కడివాళ్లు వేసవిలో పెద్దపోటు తడిపి వెళ్లిన ఇసుకమట్టిని, పైన ఉప్పు పేరుకోగానే గీకి తెచ్చేవారు. బంకమట్టి పూసిన గుంటలో దాన్ని పోసి నీళ్లు వంపితే అడుగు నుంచి చిక్కని ఉప్పునీరు కారేది. గుడ్డు తేలిందంటే చిక్కదనం సరిపోయినట్టు. తర్వాత సీసపు పెనాల్లో పోసి, బురద నేలలో తవ్వుకున్న పీట్ (కుళ్లిన మొక్కలు గట్టిపడ్డ ఇంధనం) మంట మీద మరిగించేవారు. ఉప్పు తీసేసిన మట్టిని పక్కన పారబోస్తూ పోతే అది దిబ్బ అయింది. తరాలు గడిచేసరికి దిబ్బల వరస అయింది. కొన్నిచోట్ల ఆ దిబ్బల మీదే ఊళ్లు వెలిశాయి. ఇప్పుడు విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిస్తే ఆ వరసలు స్పష్టంగా తేలుతున్నాయి. అంతకుముందు కాలాల్లో మట్టి పాత్రల్లో మరిగించి, ఉప్పు గడ్డకట్టాక పాత్ర పగలగొట్టేవారు. ఎసెక్స్ తీరంలో ఆ కాలిన ఎర్రమట్టి గుట్టలు ఉన్నాయి.

మనకు ఎండ ఉంది కాబట్టి మంట అక్కరలేకపోయింది. ఉత్తరాన బెంగాల్‌కు వెళ్లేకొద్దీ గాలిలో తేమ ఎక్కువ, నదుల వల్ల సముద్రపు నీటిలో ఉప్పు తక్కువ. అక్కడ మలంగీలనే ఉప్పుపనివాళ్లు ఉప్పుమట్టిని వడగట్టి, అడవి కట్టెలతో కాచి ఉప్పు తీశారు. ఒడిశాలో కాచిన ఉప్పు, ఎండబెట్టిన ఉప్పు రెండూ నడిచాయి. ఈ తీరాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది: ఎక్కడ ప్రకృతి సాయం తక్కువైందో అక్కడే ఎక్కువ శిథిలాలు మిగిలాయి. ఆంధ్ర తీరంలో ఉప్పు సులభంగా పండింది, అందుకే చరిత్రకారులకు కనిపించకుండా పోయింది.

మట్టిని వడగట్టి ఉప్పు తీసే పని మనవాళ్లకు తెలియదని కాదు. తీరంలో అవసరం పడలేదు గానీ లోతట్టున అదే ఆధారం. ఉప్పర కులంవారి పాత వృత్తి అది. రాయలసీమలో, బళ్లారి వైపు, చవుడు తేలిన నేలను గీకి తెచ్చి, ఎత్తుగా పోసిన మట్టి దిబ్బ నెత్తిన గుంట చేసి, ఆ మట్టిని అందులో వేసి నీళ్లు పోసేవారు. అడుగున పెట్టిన కాలువ గుండా ఉప్పునీరు కిందికి దిగి కుండల్లో పడేది. దాన్ని గచ్చు మడుల్లో పోసి ఎండబెట్టేవారు. ఆ దిబ్బల్ని మోడాలన్నారు. వాడిన మట్టిని దిబ్బ చుట్టూ పారబోయడంతో అవి ఏటేటా పెరిగేవి. లింకన్‌షైర్‌లో జరిగింది సరిగ్గా ఇదే. దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల దూరాన, ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా, ఒకే చిక్కుకు ఒకే పరిష్కారం దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఉప్పును ప్రభుత్వ గుత్తాధిపత్యం చేశాక మట్టి ఉప్పు మీద కన్ను పడింది. 19వ శతాబ్దం చివరికి దాన్ని అణచివేశారు. ఉప్పరవారు చెరువు పనులకు, మట్టి పనులకు మళ్లారు. ఊరి పక్కన మొక్క మొలవని పాత మట్టి దిబ్బ కనిపిస్తే పాటిదిబ్బ అనుకుని వదిలేస్తాం. అందులో పెంకుల కంటే వడగట్టిన మట్టే ఎక్కువ ఉంటే, ఒకసారి ఆగి చూడాలి.

రాతలో దొరికే సాక్ష్యం పాలకుల వైపు నుంచి వచ్చింది. గౌతమీపుత్ర శాతకర్ణి నాసిక్ శాసనంలో భిక్షువులకు భూమి ఇస్తూ, అక్కడ రాజు తరఫున ఉప్పు తవ్వరాదని మినహాయింపు రాశారు. నాసిక్ సముద్రానికి ఎడంగా ఉంది. కాబట్టి ఆ తవ్వకం చవుడు నేలదే అయి ఉంటుందని నేననుకుంటాను. పల్లవ శివస్కందవర్మ యువరాజుగా ఉన్నప్పుడు కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి పంపిన ఆజ్ఞ నరసరావుపేట దగ్గర మైదవోలులో రాగిరేకుల మీద దొరికింది. అందులోనూ అదే మినహాయింపు ఉంది. దానమిచ్చిన గ్రామంలో ఉప్పు మీద రాజుకు హక్కుండేదనీ, దాన్ని వదులుకోవడం దానంలో భాగంగా లెక్కించేంత విలువైనదనీ దీనివల్ల తెలుస్తోంది. తర్వాత 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఓడ వర్తకులకు రక్షణ ఇస్తూ చందనం, కర్పూరం, దంతం, మిరియాలు వంటి ఖరీదైన సరుకుల సుంకాలు చెబుతుంది. మోటుపల్లి ఉన్నది చినగంజాం మండలంలోనే. దేశదేశాల ఓడలు ఆగిన రేవు, ఉప్పు పండే నేల ఒకే తీరం ముక్క. రేవు మీద పుస్తకాలు వచ్చాయి. పక్కనున్న మడుల వయసెంతో కనుక్కోవడానికి నేలలో గొట్టం దించి మట్టి తీసి చూడవలసి ఉంది. ఇసుక రేణువు చివరిసారి ఎండను ఎప్పుడు చూసిందో చెప్పే కాంతి పరీక్షలు ఇప్పుడు ఉన్నాయి. తొక్కిన నేలల మధ్య ఇసుక పొరకు ఆ పరీక్ష చేయవచ్చు.

వెతికేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పాత ఉప్పుమడి నేటి ఒడ్డున ఉండకపోవచ్చు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన వండలితో డెల్టా సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది. సుమారు 6,000 ఏళ్ల క్రితం తీరం కొల్లేరు ప్రాంతం దాకా ఉండేదని పాత ఇసుక మెరకల వల్ల తెలుస్తోంది. మధ్యయుగపు పర్ర (చవుడు) భూమి ఈనాటి వరి పొలం కింద ఉండవచ్చు. పైగా తుఫానులు. 1864లో మచిలీపట్నాన్ని, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలు తలుచుకుంటే చాలు, మట్టి గట్లు ఎన్నిసార్లు చెరిగి ఉంటాయో ఊహకు అందుతుంది. అదే ఉప్పెన ఒక్కరాత్రిలో మడి మీద ఇసుక కప్పి, దాన్ని భద్రంగా దాచి ఉండడానికీ వీలుంది.

ఇక సరుకు అడవికి చేరిన దారి. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూసి అబ్బురపడ్డాడు. ఆ రవాణా వాళ్లలో నాలుగు తెగలున్నాయనీ, ఒక్కో తెగ ఒక్కో సరుకే మోస్తుందనీ, నాలుగో తెగ సరుకు ఉప్పనీ రాశాడు. తెలుగునాట ఈ పని ప్రధానంగా లంబాడీలది. రైలు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. ఇల్లెందు, ఖమ్మం చుట్టూ ఉన్న తండాల పూర్వీకుల చరిత్రలో ఉప్పు బస్తాలకు పెద్ద చోటే ఉంది. బిడారు ఎక్కడ నీళ్లకు ఆగిందో, ఎక్కడ బస చేసిందో తండా పెద్దల జ్ఞాపకాల్లో వెతకడం కూడా పురావస్తు పరిశోధనే.

రెండో దారి గోదావరి. పాపికొండల ఇరుకు దాటి, శబరి కలిసే కూనవరం మీదుగా పడవలు భద్రాచలం చేరేవి. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) కట్టిన ఆర్థర్ కాటన్ కల ఇంకా పైకి వెళ్లింది. గోదావరిని ఎగువ దాకా పడవల దారిగా మార్చి బేరారు పత్తిని కిందికి దించాలి, తీరపు ఉప్పును పైకి ఎక్కించాలి. భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర రాళ్ల మీద ఆనకట్ట, లాకులు ఆ పథకం కోసం కట్టినవే. 1871లో పథకం ఆగిపోయింది. దుమ్ముగూడెం వెళ్లేవాళ్లు దాన్ని సేద్యపు కట్టడంగానే చూస్తారు. పడవలో పైకి ఎక్కవలసిన ఉప్పు కోసం తయారైన మెట్టు కూడా అది.

ఈ నది అప్పటికి సరిహద్దు. 1766 ఒప్పందంతో సర్కారు జిల్లాలు, 1788లో గుంటూరు చేజారాక నిజాం రాజ్యానికి సముద్రమే లేకుండా పోయింది. 1860లో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు కూడా బ్రిటిష్‌వారి కిందికి వెళ్లాయి. భద్రాచలం ఒకరి పాలన, ఎదుటి గట్టున బూర్గంపాడు ఇంకొకరి పాలన. 1882 నాటికి బ్రిటిష్ ఇండియాలో మణుగు ఉప్పు మీద పన్ను 2 రూపాయలు. ఆ మణుగు మన 37 కిలోలు. పన్ను తీరంలోనే పడేది కాబట్టి ఏ గట్టున ఉన్నా అడవి మనిషి అది చెల్లించినవాడే. 1930లో టంగుటూరి ప్రకాశం దేవరంపాడులో, పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించినప్పుడు, ఆ పోరాటం తీరపు ప్రజలకే సంబంధించినది కాదు. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. రెండు గట్లూ ఒక జిల్లా అయ్యాయి.

అడవి వైపు ఆధారాలు ఎలా ఉంటాయి? పినపాక మండలం జానంపేట దగ్గర ఇనుపయుగపు రాతి సమాధులున్నాయి. జనం రాకాసి గుళ్లంటారు. అవి కట్టినవాళ్లూ ఉప్పు తిన్నారు. వాళ్ల రాళ్లు నిలిచాయి, ఉప్పు నిలవలేదు. అయితే ఉప్పుతో కలిసి ప్రయాణించినవి నిలుస్తాయి. సంగారెడ్డి జిల్లా కొండాపురం తవ్వకాల్లో శంఖంతో చేసిన వస్తువులు దొరికాయి. శంఖం లోతట్టుకు వచ్చిన దారిలో ఉప్పు రాలేదనుకోవడం కష్టం. ఏజెన్సీ సంతలో ఈనాటికీ ఉప్పు పక్కనే ఎండుచేపల గుట్టలుంటాయి. ఉప్పుచేప అంటే తీరపు ఉప్పు మూట కట్టుకుని వచ్చిన చేప. తిన్నాక ముల్లు మిగులుతుంది. పాత ఊరి దిబ్బల్లో మట్టిని సన్నని జల్లెడ పట్టి, దొరికిన ముల్లు ఏటి చేపదా, సముద్రపు చేపదా అని నిపుణుడికి చూపిస్తే, ఉప్పు దారికి వయసు కట్టవచ్చు. మన తవ్వకాల్లో పెంకులకు, నాణేలకు ఇచ్చిన శ్రద్ధ చేపముళ్లకు ఇవ్వాలి.

సంతలో చింతపండు, కరక్కాయ, తేనె ఇచ్చి ఉప్పు తీసుకునే బేరంలో అడవివాళ్లు తరతరాలు నష్టపోయారు. తూకం వర్తకుడి చేతిలో ఉండేది, ఉప్పు లేకుండా గడవదని అతనికి తెలుసు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం కొంటూ, డిపోల్లో నిత్యావసరాలు అమ్మే ఏర్పాటు చేసింది ఈ దోపిడీకి అడ్డుకట్ట వేయడానికే. ఇప్పుడు అక్కడి కొట్లలో దొరికే ప్యాకెట్ ఉప్పులో ఎక్కువ గుజరాత్‌ది. దేశంలో తయారయ్యే ఉప్పులో నాలుగింట మూడు వంతులు అక్కడిదే. చినగంజాం నుంచి భద్రాచలానికి ఉన్న బంధం మన కళ్లముందే తెగింది.

తీరంలో ఇంకో తొందర ఉంది. 1990ల నుంచి పర్ర భూములు రొయ్యల చెరువులవుతున్నాయి. పొక్లెయిన్ ఒక పూటలో తవ్వే లోతులో ఎన్నో వందల ఏళ్ల పొరలు ఉండవచ్చు. తవ్వుకోవద్దని నేననను, అది వాళ్ల జీవనం. తీరపు బడుల్లో పాఠాలు చెప్పే మాస్టార్లను, టీచర్లను, చెరువు తవ్వించే రైతులను ఒక్కటే కోరుతున్నాను. గట్టు కోతలో బంకమట్టి, ఇసుక పొరలు వరసగా కనిపించినా, మధ్యలో మెరిసే జిప్సం పలుకులున్నా, కాలిన మట్టి, బూడిద కనిపించినా, పక్కన ఒక స్కేలు పెట్టి సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. సర్వే నెంబరు, పైనుంచి ఎన్ని అడుగుల లోతులో ఉందో రాసిపెట్టి రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. అడవి వైపు ఉన్నవాళ్లు, ఉప్పు ఏ దారిన వచ్చేదో, సోలెడు ఉప్పుకు ఎంత చింతపండు ఇచ్చేవారో మీ ఊళ్లో ముసలివాళ్లను అడిగి రాసి పెట్టండి. ఈ ఏడాదే అడగండి.